అరకు హోటల్ గదిలో 16 నెలల పాపను ఎక్కడ పడుకోబెట్టాలి?

డిసెంబరులో అరకు వెళ్తున్నామని, గదిలో ఒకటే డబుల్ కాట్ ఉందని, ఇంట్లో ఉయ్యాలకు అలవాటుపడిన 16 నెలల పాపను చుట్టూ దిండ్లు పెట్టి మంచం మీదే పడుకోబెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. ఆ వయసు పిల్లలు నిద్రలో దొర్లుతూ దిండును తోసేస్తారు, మెలకువ వస్తే దాన్నే ఎక్కి అవతలికి దిగబోతారు. మంచాన్ని గోడకు జరపడం కూడా నమ్మదగిన ఉపాయం కాదు, ఎందుకంటే పరుపుకూ గోడకూ మధ్య మిగిలే సందులో బిడ్డ ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

ముందుగానే హోటల్‌కు ఫోన్ చేసి పలుచని, గట్టి పరుపు ఒకటి అదనంగా అడగండి. దానిని గోడకూ మంచానికీ ఎడంగా నేల మీద వేయించి, ఉయ్యాలకు వాడే చీరను ఉతక్కుండా తీసుకువెళ్లి బిగుతుగా పరిస్తే, తెలిసిన వాసనకు పాప కొత్తచోట కూడా కుదురుకునే అవకాశం ఉంది. హోటల్ వారు పిల్లల కాట్ ఇస్తామంటే తీసుకోవచ్చు గాని, మెత్తదనం కోసం అందులో రెండో పరుపు మాత్రం వేయకండి. కటకటాల ఎత్తు తగ్గి పాప సులువుగా ఎక్కేస్తుంది, అంచుల్లో సందులూ ఏర్పడతాయి.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కనుక తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. బరువైన రజాయి కప్పకుండా, నిండు చేతుల బట్టలు రెండు పొరలుగా తొడగండి.

పడుకోబెట్టే ముందు మీరే ఒకసారి నేల మీద కూర్చుని గదిని చూడండి. వేలాడే కెటిల్ వైరు, కర్టెన్ తాడు, చేతికందే బాల్కనీ గడియ అప్పుడే మీ కంటపడతాయి.