జావాలో 12 వేల పదాల అర్రే రాస్తే "కోడ్ టూ లార్జ్" అని ఎందుకొస్తుంది?

మీరు 12 వేల తెలుగు పదాలను ఒకే స్టాటిక్ అర్రేలో రాశారు, కంపైలర్ "కోడ్ టూ లార్జ్" అంటోంది, మెమరీ పెంచినా లాభం లేదన్నారు. ఎంత పెంచినా ఉండదు. నేనూ ఈ గోతిలో పడి లేచినవాణ్ణే.

అర్రే అంటే డేటా అని మనం అనుకుంటాం. సీ భాషలో అది చాలావరకు నిజం, అంకెల పట్టిక ఉన్నదున్నట్టు ప్రోగ్రామ్ ఫైల్లోకి చేరుతుంది. జావా కంపైలర్ తయారుచేసే క్లాస్ ఫైల్లో అర్రేని అలా దాచే చోటే లేదు. అందుకని కంపైలర్ దాన్ని కోడ్‌గా మారుస్తుంది: సున్నా గడిలో ఈ పదం పెట్టు, ఒకటో గడిలో ఆ పదం పెట్టు, ఇలా చివరిదాకా. పదానికి దాదాపు 8 బైట్లు పడుతుంది. ఈ కోడంతా ఒకే మెథడ్‌లోకి (కోడ్ ముక్కలోకి) వెళ్తుంది, ఒక మెథడ్ బైట్‌కోడ్ (కంపైలైన కోడ్) 65,535 బైట్లు దాటకూడదు. భాగించి చూడండి, ఎనిమిది వేల చిల్లర పదాలకే నిండిపోతుంది. తమాషా ఏమిటంటే, క్లాస్ ఫైల్లో కోడ్ పొడవు రాసే గడికి 4 బైట్లు ఇచ్చారు, అంటే ఇంకా చాలా పెద్ద సంఖ్యే పడుతుంది, కానీ అందులో 65,536 కంటే తక్కువే ఉండాలని నియమం పెట్టారు!

నాది తెలుగు అక్షరదోషాలు పట్టే చిన్న ప్రోగ్రామ్. మొదట పదాల్ని నాలుగైదు మెథడ్లకు పంచాను. కొన్నాళ్లు నడిచింది. జాబితా 30 వేలు దాటి ఇంకాస్త పెరిగేసరికి "టూ మెనీ కాన్‌స్టంట్స్" అంది. క్లాసుకో కాన్‌స్టంట్ పూల్ (ఆ క్లాసు వాడే స్థిర విలువల పట్టిక) ఉంటుంది, అందులోని గడుల సంఖ్యకూ దాదాపు అదే పరిమితి, పైగా ఒక్కో స్ట్రింగ్ (అక్షరాల వరస) అందులో రెండు చోట్లు తినేస్తుంది.

సరే, తెలివిగా అన్నీ కామాలతో కలిపి కొన్ని పెద్ద స్ట్రింగులు చేసి, నడిచేటప్పుడు విడగొడదామనుకున్నాను. "కాన్‌స్టంట్ స్ట్రింగ్ టూ లాంగ్". ఇక్కడే నాకు బాగా టెన్షన్ పెరిగింది, ఎందుకంటే 60 వేల ఇంగ్లిష్ అక్షరాలతో అదే పని చేస్తే ఏ గొడవా లేదు. నావి స్ట్రింగుకు పాతిక వేలు కూడా లేవు. ఒక్కో స్ట్రింగుకూ అదే 65,535 పరిమితి, కానీ అది అక్షరాలకు కాదు, బైట్లకు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. "తెలుగు" అనే చిన్న మాటకే 18. అంటే మన వాటా 21,845 గుర్తులు. ముక్కలు చేసి ప్లస్ గుర్తుతో కలిపినా ఫలితం లేదు, కంపైలర్ వాటిని ముందే ఒక్కటిగా అతికించేస్తుంది.

చివరికి చేసింది, మొదటే చేయాల్సింది: పదాలను వరసకొకటి చొప్పున మామూలు టెక్స్ట్ ఫైల్లో పెట్టి, ప్రోగ్రామ్ ప్యాకేజీ అయిన జార్‌లోనే చేర్చి, గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్‌తో (జార్‌లోని ఫైల్ని తెరిచే మెథడ్) చదవడం. మీరూ అదే చేయండి. చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి. జావా 18కి ముందు వెర్షన్లయితే, చెప్పకపోతే ఆ మెషిన్‌కి ఏది అలవాటో దాన్ని తీసుకుంటాయి. నా లినక్స్‌లో చక్కగా కనిపించిన పదాలు స్నేహితుడి విండోస్‌లో పిచ్చిగీతలయ్యాయి.

ఇంకోటి. ఆ ఫైల్ని పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే మొదట్లో కంటికి కనబడని ఒక గుర్తు చేరుతుంది, జావా దాన్ని తీసేయదు. నా జాబితాలో మొదటి పదం "అంకం". ఆ గుర్తు అంటుకోవడంతో నా ప్రోగ్రామ్ దాన్ని రెండు వారాలపాటు తప్పుగానే చూపించింది.