ఏ కాలపు పెయింటో తెలిశాకే చెయ్యి వెయ్యి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కార్ల పెయింటింగు పనిలోనే స్థిరపడాలని నిశ్చయించుకున్నావని తెలిసి సంతోషించాను. అయితే అందులో ఒక మాట నాకు రుచించలేదు. పాత కార్ల పెయింటే పెయింటనీ, ఇప్పటివన్నీ నీళ్ల పెయింట్లనీ నీ తోటి పనివాళ్లు అంటున్నారనీ, నీకూ అదే నిజమనిపిస్తోందనీ రాశావు. పాత పూత మందంగా ఉండేది, వెలసినా రుద్దితే మళ్లీ మెరిసేది. కొత్త పూత పలుచగా, గట్టిగా, పొర మీద పొరగా ఉంటుంది. వీటిలో ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అని తేల్చడానికి వీల్లేదు. ఎదుట ఉన్నది ఏ కాలపు పూతో తెలుసుకోకుండా అన్నింటి మీదా ఒకే పద్ధతి నడిపితే మాత్రం రెండూ చెడతాయి.

మొదటి కార్లకు గుర్రపు బండ్ల వార్నిషే వేసేవారు. అవిసె నూనెలో రంగు కలిపి కుంచెతో పూయడం, ఆరాక ప్యూమిస్ రాతి పొడితో రుద్దడం, మళ్లీ పూయడం, ఇలా ఒక్క కారుకు వారాలు పట్టేది. నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ గట్టిపడవలసిందే తప్ప తొందరపెట్టడానికి దారి లేదు. ఫోర్డు కంపెనీ మోడల్ టీ కారును 1914 నుంచి 1925 వరకు నల్లరంగులో మాత్రమే అమ్మింది. ఆ నల్ల ఎనామెల్‌ను ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచేవారు. అది మన్నికైనదే గాని, కొనేవాడికి రంగు ఎంచుకునే అవకాశం లేకుండా పోయింది.

1923లో డ్యూపాంట్ తయారుచేసిన డ్యూకో లాకరు జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్ల మీద నీలిరంగులో కనిపించడంతో పరిస్థితి మారిపోయింది. అది నైట్రోసెల్యులోజ్ లాకరు. అందులో పలుచన చేయడానికి కలిపిన థిన్నరు ఆవిరైపోగానే పొర నిలబడుతుంది, రసాయనికంగా వేరే మార్పేమీ జరగదు. అందుకే వారాల పని గంటల్లోకి వచ్చింది, స్ప్రే గన్ ఫ్యాక్టరీలో స్థిరపడింది, రంగులు విరివిగా వచ్చాయి. అయితే లాకరులో థిన్నరు పాలే ఎక్కువ కాబట్టి ఒక్కో కోటుకు నిలిచే పొర చాలా పలుచన. కోటు మీద కోటు కొట్టి, కాంపౌండుతో రుద్దితే గాని మెరుపు వచ్చేది కాదు. రుద్ది మెరిపించడమే పెయింటరు పనితనం అనే అభిప్రాయం ఆ రోజుల్లో పుట్టిందే. పొర మందంగా ఉండేది కనుక ఏళ్ల తరబడి రుద్దినా తట్టుకునేది. నీ తోటివారు మెచ్చుకునే గుణం అదే. ఎండకు సుద్దలా పొడి రాలడం, మందం మరీ ఎక్కువైతే బీటలు వారడం, పెట్రోలు చిందిన చోట మరక పడడం కూడా దానికే ఉన్న గుణాలన్నది వారు చెప్పరు.

తరువాత ఆల్కిడ్ ఎనామెల్ వచ్చింది. రుద్దకుండానే మెరుస్తుంది, గట్టిపడ్డాక థిన్నరుకు కరగదు. 1950ల చివర అక్రిలిక్ లాకరు, ఆ తరువాత అక్రిలిక్ ఎనామెల్ వచ్చి ఎండను మరింత బాగా తట్టుకున్నాయి. ఈ మూడింటి గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు. నీకు కావలసిందల్లా ఒకదానిని మరొకదాని నుంచి గుర్తుపట్టడం.

పాత కారు వచ్చినప్పుడు డిక్కీ అంచు లోపలివైపు, ఎవరి కంటా పడని చోట, లాకరు థిన్నరులో తడిపిన గుడ్డను కొద్దిసేపు అద్ది ఉంచి తీసి చూడు. పూత మెత్తబడి, జిగురై, రంగు గుడ్డకు అంటుకుంటే అది లాకరు. చెక్కుచెదరకపోతే ఎనామెల్ గాని, హార్డెనరు, అంటే గట్టిపరిచే ద్రవం, కలిపిన టూ-కే పెయింటు గాని అయి ఉంటుంది. రెండో పరీక్షగా, కొంచెం మెత్తటి కాంపౌండుతో పూతను రుద్ది గుడ్డను చూడు. కారు రంగు గుడ్డకు వస్తే పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శకమైన పొర, లేదని అర్థం, రాకపోతే ఉన్నట్టే. తెల్ల కారును తెల్లగుడ్డతో రుద్ది ఏమీ రాలేదని తేల్చేసేవాళ్లను చూశాను. తెల్ల కారుకు నల్లగుడ్డ వాడాలి. ఈ రెండు పరీక్షలూ చేయకుండా పాత పూత మీద కొత్త పెయింటు కొడితే, కొత్తదానిలోని ఘాటైన థిన్నరు కిందిదాన్ని ఉబ్బించి ముడతలు లేపుతుంది. సరిగా గట్టిపడని ఎనామెల్ మీద లాకరు కొట్టినప్పుడు ఈ ముడతలు మరీ ఎక్కువగా వస్తాయి. అనుమానం ఉంటే మధ్యలో రెండింటినీ విడదీసే సీలరు వెయ్యి, లేదా రేకు దాకా తీసేసి మొదటి నుంచి చెయ్యి.

ఇక కంటికి కనబడని పెద్ద మార్పు ఒకటుంది. దాన్ని గురించి పెయింటర్లే తక్కువగా మాట్లాడుకుంటారు. 1960లలో ఫోర్డు కంపెనీ మొదలుపెట్టిన పద్ధతిలో కారు బాడీ మొత్తాన్ని ప్రైమరు తొట్టిలో ముంచి, కరెంటు పంపి, ఆ కరెంటు బలంతో ప్రైమరును రేకుకు పట్టిస్తారు. 1970ల మధ్య నుంచి బాడీని కాథోడ్‌గా, అంటే రుణధ్రువంగా, పెట్టే పద్ధతి వచ్చాక తుప్పు నుంచి రక్షణ ఇంకా పెరిగింది. గన్ ముక్కు ఎన్నటికీ చేరలేని పెట్టె భాగాల్లోకి, మడతల్లోకి, వెల్డింగు అతుకుల్లోకి ఈ ద్రవం వెళుతుంది. పాత కార్లు పైన అద్దంలా మెరుస్తూనే డోరు అడుగున, ఫెండరు వెనక లోపలి నుంచి తుప్పు పట్టేవి. ఇప్పటి కార్లు అంత తొందరగా అలా కాకపోవడానికి రేకు మీది జింకు పూతతోపాటు ఇరవై మైక్రాన్ల ఈ పొర ఒక ముఖ్య కారణం. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నాణ్యత అంటే మెరుపొక్కటే చూసేవారికి ఇది లెక్కలోకి రాదు. నీకు మాత్రం రావాలి. డెంటింగు అయ్యాక అవసరం లేని చోట గ్రైండరు పెట్టి ఈ పొరను కొట్టేయకు. ఒకసారి పోయాక దాన్ని షాపులో మళ్లీ పట్టించలేవు. రేకు బయటపడిన చోట పుట్టీ, ఫిల్లరు అంటూ తొందరపడకుండా ముందు ఎపాక్సీ ప్రైమరు వెయ్యి.

ఇప్పటి కారు పూత కట్టుబడి ఇలా ఉంటుంది. అడుగున ఆ ముంచిన ప్రైమరు, దాని మీద ఉపరితలాన్ని చదును చేసే ముప్ఫై నలభై మైక్రాన్ల సర్ఫేసరు, పైన పన్నెండు నుంచి ఇరవై మైక్రాన్ల రంగు, అన్నింటికీ పైన ముప్ఫై అయిదు నుంచి యాభై మైక్రాన్ల క్లియర్ కోటు. అంతా కలిపి సుమారు వంద నుంచి నూట ముప్ఫై మైక్రాన్లు, అంటే ఒకటి రెండు తలవెంట్రుకల మందం. పాత మెటాలిక్ పెయింట్లలో అల్యూమినియం రేణువులు పైపైనే ఉండి ఎండకు, ఆమ్లానికి నల్లబడేవి. ఆ ఇబ్బందిని తీర్చడానికే 1970లు, 80లలో రంగును వేరు చేసి పైన పారదర్శకమైన క్లియర్ కోటు వేసే పద్ధతి వ్యాపించింది. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు ముఖ్యంగా ఆ క్లియర్‌లోనే ఉంటాయి. దాన్ని అరగదీయడమంటే కారు ఆయుష్షును అరగదీయడమే.

అందువల్ల గీతలు తీయమని కారు వస్తే ముందు మందం కొలిచే మీటరు తియ్యి. ఇనుప రేకు మీద నూట ఇరవై చూపితే ఫ్యాక్టరీ పూత, రెండు వందలు దాటితే చాలావరకు మళ్లీ పెయింటు పడిన ప్యానెలు, అయిదారు వందలు చూపితే కింద పుట్టీ ఉన్నట్టు. అల్యూమినియం బానెట్‌కు అయస్కాంతంతో పనిచేసే మీటరు పనికిరాదు, రెండు రకాల లోహాలనూ కొలిచేది కావాలి. ప్లాస్టిక్ బంపరు మీద మామూలు మీటరు ఏదీ పలకదు. ఒక చిక్కు మరచిపోకు. మీటరు మొత్తం మందాన్ని చెబుతుంది గాని అందులో క్లియర్ ఎంతో చెప్పదు. కాబట్టి పది మైక్రాన్లకు మించి తీయకూడదన్నది నా నియమం. ప్యానెలు అంచులు, మడత గీతల మీద పూత పలుచగా ఉంటుంది. అక్కడ మెషిన్ పాలిష్ ఆపి, టేపు వేసి, మధ్యలోనే పనిచెయ్యి. గోరు తగిలేంత లోతు గీత పాలిష్‌తో పోదు. పోతుందని కస్టమరుకు మాట ఇవ్వకు.

1980ల చివర, 90ల మొదట్లో తయారైన కొన్ని కార్లకు క్లియర్ కోటు తాటాకు పొరల్లా లేచిపోయేది. ఖర్చు తగ్గుతుందని మధ్యలోని సర్ఫేసరును మానేసిన చోట, పలుచని రంగులోంచి ఎండ దూరి కిందనున్న, ముంచి పట్టించిన ఎపాక్సీ ప్రైమరును పొడి చేయడంతో పై పొరలకు పట్టు పోయింది. క్లియర్ కోటు అనే పద్ధతికే చెడ్డపేరు తెచ్చింది ఇదే. అలా లేచిన కారు వస్తే, లేచిన అంచును వాటర్ పేపరుతో సాఫు చేసి మళ్లీ క్లియర్ కొట్టమని కస్టమరు అడుగుతాడు. ఒప్పుకోకు. కొద్దికాలానికే కొత్త క్లియర్ అంచు పక్కన పాతది మళ్లీ లేస్తుంది. పట్టు గట్టిగా ఉన్న పొర దాకా తీసి, సర్ఫేసరు నుంచి మళ్లీ రావలసిందే.

నీళ్ల పెయింటు సంగతికి వస్తాను. నీటితో పలుచన చేసే బేస్ కోట్లు, అంటే క్లియర్ కింది రంగు పొరలు, 1980ల మధ్యలో కార్ల ఫ్యాక్టరీల్లోకి వచ్చాయి. ఆవిరయ్యే ద్రావకాలు గాలిని పాడుచేస్తున్నాయన్నదే ఇందుకు కారణం. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన ఆదేశం ప్రకారం 2007 నుంచి రిపేరు షాపులకు అమ్మే టాప్ కోట్లలో లీటరుకు 420 గ్రాములకు మించి ద్రావకం ఉండకూడదు. ఆరేటప్పుడు నీరు వెళ్లిపోతుంది, నిలిచేది పొర కట్టే రెజిను, రంగు మాత్రమే. దాని మీద పడేది హార్డెనరు కలిపిన టూ-కే క్లియరే. ఎండను, వానను కాచుకునేది ఆ క్లియరైనప్పుడు, కింద రంగును నీటిలో కలిపారా థిన్నరులో కలిపారా అన్నదాంతో మన్నిక మారదు. మారేది నీ పని తీరు. వేడి ఒక్కటే చాలదు, పూత మీదుగా గాలి కదలాలి. తేమ ఎక్కువైన రోజు ఆలస్యం తప్పదు. తడి మెరుపు పూర్తిగా పోయి మసకగా కనిపించేదాకా క్లియర్ జోలికి వెళ్లకు. తొందరపడితే నీరు కింద చిక్కుకుపోయి పిన్‌హోల్స్, అంటే సూదిమొనంత రంధ్రాలు, వస్తాయి, క్లియర్ పట్టు కూడా పోతుంది.

షేడు మ్యాచింగ్ ఇప్పుడు ఉన్నంత కష్టంగా మునుపెన్నడూ లేదు. కారు బాడీ ప్లేటు మీది రంగు కోడు సరిపోయినా అదే కోడుకు రెండు మూడు వేరియంట్లు ఉంటాయి, పైగా కారు ఎండలో కొంత మారి ఉంటుంది. మెటాలిక్‌లో మరో మెలిక ఉంది. అదే డబ్బాలోని రంగును తడిగా కొడితే రేణువులు లోపలికి దిగి ముదురుగా, పొడిగా కొడితే పైకి తేలి లేతగా కనిపిస్తుంది. అందుకే టెస్ట్ కార్డు మీద కారు మీద కొట్టే ఒత్తిడితోనే, అంతే దూరం నుంచి కొట్టి, క్లియర్ కూడా వేసి ఆరాక, పగటి వెలుగులో ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి పెట్టి చూడాలి. ఎదురుగా కలిసి పక్క నుంచి తేడా వచ్చే షేడులే ఎక్కువ. మూడు పొరలుగా కొట్టే రంగులు ఇంకా జాగ్రత్త కోరతాయి. మాజ్దా 2012లో తెచ్చిన సోల్ రెడ్ లాంటి వాటిలో కింద కాంతిని తిప్పికొట్టే పొర, దాని మీద వెలుతురు దూరే ఎర్రపొర, పైన క్లియర్ ఉంటాయి. ఎర్రపొర ఒక్క కోటు ఎక్కువైనా రంగు చిక్కబడిపోతుంది. ఒక అట్టను అడ్డంగా నాలుగు భాగాలు చేసి ఒకటి, రెండు, మూడు, నాలుగు కోట్లు కొట్టుకో. కారు పక్కన పెట్టి, కలిసిన భాగంలో ఉన్నన్ని కోట్లే డోరుకు కొట్టు. ఎంత బాగా కలిసినా పక్క ప్యానెలు మీదికి రంగును పలుచగా కలుపుకుంటూ పోవలసిందే. దాన్ని తప్పించుకుందామని చూసే షాపులే రెండు రంగుల కార్లను రోడ్డు మీదికి పంపుతున్నాయి.

ఫ్యాక్టరీ పూత కూడా నునుపైన అద్దం కాదన్నది గమనించు. దగ్గరగా చూస్తే ట్యూబ్ లైటు ప్రతిబింబం అంచు సన్నగా అలలు తిరుగుతుంది. నీవు మార్చిన డోరును మాత్రం నునుపుగా తీర్చితే నీ నైపుణ్యమే ఆ డోరును పట్టిస్తుంది. పక్క ప్యానెలు మీద ఆరెంజ్ పీల్ అనే ఆ అలలు ఎంత ఉంటే అంతే రావాలి.

ఈ పనిలో నేను ఎవరి మాటా విననిది ఒక్క విషయంలోనే. టూ-కే హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే తరువాత లేశమాత్రం పీల్చినా ఉబ్బసం వస్తుంది, అంతటితో ఈ వృత్తి ముగిసినట్టే. బొగ్గు కార్ట్రిడ్జి మాస్కు అయిపోయిందని వాసనతో తెలుసుకోవడానికి లేదు, ఎందుకంటే ఐసోసయనేటు హాని చేసే మోతాదులో వాసనే తెలియదు. బయటి నుంచి స్వచ్ఛమైన గాలి వచ్చే మాస్కు వేసుకునే కొట్టు. అది కొనిపెట్టని యజమాని దగ్గర పనిచేయకు.

చివరగా, 1960ల నాటి కారు వచ్చింది, లాకరే కొట్టాలా, టూ-కే కొట్టాలా అని అడిగావు. ముందు పైన రాసిన రెండు పరీక్షలూ చేసి నాకు రాయి. అసలు పూత చాలావరకు మిగిలి ఉండి, యజమాని దాన్ని ప్రదర్శనకు పెట్టే ఉద్దేశంతో ఉంటే, మెత్తటి పాలిష్‌తో నిలబెట్టి, పోయిన చోట మాత్రమే లాకరు వెయ్యి. రోజూ నడిపే కారైతే పాతదంతా తీసి, ఎపాక్సీ ప్రైమరు, సర్ఫేసరు వేసి, క్లియర్ లేని టూ-కే సాలిడ్ కలరు, అంటే మెటాలిక్ రేణువులు లేని రంగు, కొట్టు. చూపుకు ఆ కాలపు పూతలాగే ఉంటుంది, ఎండను మాత్రం ఇప్పటి పూతలా తట్టుకుంటుంది. మెటాలిక్ అయితే మరొకసారి ఆలోచిద్దాం, ఫొటోలు ఎండలో తీసి పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న