ఆగితే పేలుతది, మరెట్ల?

ప్రశ్న: అన్నా, మా దేవరకొండకు ఇప్పటిదాంక రైలే రాలె, మీరేమో జపాన్ బుల్లెట్ రైలు సినిమా చూడున్రి అంటరు. సరే, నెట్‌ఫ్లిక్స్‌ల బుల్లెట్ ట్రైన్ ఎక్స్‌ప్లోజన్ చూసిన. స్పీడ్ తగ్గితే బాంబు పేలుడనేది ఆ హాలీవుడ్ బస్సు సినిమా స్పీడ్‌ల నుంచి కొట్టేసిందే గదా? (దేవరకొండ నుంచి ఒక తమ్ముడు)

జవాబు: ఉల్టా చెప్తున్నవ్ తమ్మీ. స్పీడ్ వచ్చింది 1994ల, జపానోళ్లు ఈ కథను 1975లనే తీసిన్రు, డైరెక్టర్ జున్య సాతో. టోక్యో నుంచి హకతా పోయే హికారి 109 అనే బుల్లెట్ రైలుల బాంబు పెడ్తరు, గంటకు 80 కిలోమీటర్ల కిందికి వస్తే పేలుతది. ఆ బస్సుకేమో 50 మైళ్లు, లెక్కేస్తే అదిగూడ 80 కిలోమీటర్లే, ఇగ నువ్వే సమజ్ చేస్కో. నువ్వు చూసింది 2025ది, షింజి హిగుచి తీసిండు, రీమేక్ గాదు, పాతదానికి కొనసాగింపు లెక్క. ఇండ్ల షిన్ అవోమొరి నుంచి టోక్యో వచ్చే హయబుస రైలు, హద్దు 100కు పెంచిన్రు. ధరలు పెరిగినట్టే.

ప్రశ్న: మా ఆయన రైల్వేల చేస్తడు. సినిమా సగంలనే "ఇదంత ఉత్తదే" అని లేచిపోయిండు. నిజంగ ఆపకుండ అట్ల నడిపియ్యొస్తదా? (నల్లగొండ నుంచి ఒక అక్క)

జవాబు: బావకు నమస్తే చెప్పక్కా, సగం కరెక్టే అన్నడు. షింకన్‌సెన్, అంటే జపాన్ బుల్లెట్ రైలును ఉరికిచ్చుడు కంటే ఆపకుండ ఉంచుడే కష్టం. అంత స్పీడుల పట్టాల పక్కన సిగ్నల్ కండ్లవడది గాబట్టి ఎంత స్పీడు పోవాల్నో డ్రైవర్ ముందటనే చూపిస్తది, స్పీడు దాటినా ముందట రైలు దగ్గరికొచ్చినా దానంతటదే బ్రేకు పడ్తది, భూకంపం వస్తున్నదని తెలిస్తే కరెంటు పోయి ఆగుతది. 1964 అక్టోబర్ 1న మొదలైన కాడికెల్లి ఇప్పటిదాంక గుద్దుకొనిగాని పట్టాలు తప్పిగాని ఒక్క ప్రయాణికుడు సుత చచ్చిపోలె. గింత జాగ్రత్తగ ఆపనేర్చిన రైలును పట్టుకొని, నువ్వు ఆగితే అందరు చస్తరు అన్నడు సూడు కథ రాసినాయన, ఆ దెబ్బ మామూలుది గాదు.

పాత సినిమాల హమమత్సు దగ్గర ముందట ఇంకో రైలు ఖరాబై నిలవడ్తది. ఇగ ఆగేటట్టు లేదు, ఎదురు లైన్ మీదికి మార్చాలె, ఆ లైన్ మీదనేమో ఎదురుంగ ఇంకో రైలు వస్తుంటది. కంట్రోల్ రూంల కూసున్నాయన సెకండ్లు లెక్కవెట్టుకుంట పాయింట్లు మార్పిస్తడు. మన బీబీనగర్ నడికుడి సింగిల్ లైన్ మీద పెరిగినోళ్లకు క్రాసింగ్ అంటే ఏందో చెప్పాల్నా? రామన్నపేటల బండి ఆగుతది, అరగంట పల్లికాయలు ఒలుసుకుంట కూసుంటం, ఎదురు బండి బుస్సున పోతది, గార్డు పచ్చజెండ ఊపుతడు, అప్పుడు కదుల్తం. ఆ అరగంటను తీస్కపోయి ఇన్ని సెకండ్లల్ల కుక్కితే ఎట్లుంటదో ఆ సీన్ అట్లుంటది. నాకైతే చేతుల చెమట వట్టింది.

ఇంకో మాట యాదికొచ్చింది. 2023 జులై 7న మన ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ భువనగిరి దగ్గర అంటుకుంటే బండి ఆపిన్రు, జనం దిగి ఉరికిన్రు, బోగీలు కాలినయ్ గని పానాలు దక్కినయ్. మనకు ఆపుడే బతుకు. అందుకే ఆ సినిమా చూస్తుంటే మనకు ఎక్కువ భయమైతది అనుకుంట.

బావను కూసోవెట్టి మాత్రం డ్రైవర్ చేతులు చూపియ్యి. తెల్ల గ్లౌజులు ఏసుకొని, ఒక్కో మీటర్ దిక్కు వేలు చూపెట్టి నోటితోని గట్టిగ చెప్తడు. మన లోకో పైలట్, అసిస్టెంట్ సుత సిగ్నల్ కనవడంగనే చెయ్యి లేపి ఒకల్లకొకలు చెప్పుకుంటరు గదా, అది చూస్తె బావ లేచిపోడు.

ప్రశ్న: మా మహబూబ్‌నగర్‌ల ఆగే కాచిగూడ యశ్వంతపూర్ వందే భారత్ గూడ బుల్లెట్ రైలే అని మా మామ వాదిస్తడు. (పాలమూరు)

జవాబు: గాదు. అది గూడ్స్ బండ్లు పోయే పట్టాల మీదనే పోతది, మన పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు. షింకన్‌సెన్‌ది 1435, దాని దారి దానికే, గేట్లు ఉండయ్, బర్రెలు అడ్డమొచ్చే ముచ్చటే లేదు. మనకు అసొంటిది ముంబై అహ్మదాబాద్ మధ్యల 508 కిలోమీటర్లు కడ్తున్నరు. మామను గెలిపియ్యాలనుకుంటే ఈ జవాబు చూపియ్యకు.

ప్రశ్న: రెండిట్ల ఏది చూడాలె? (మిర్యాలగూడ)

జవాబు: నన్నడిగితే పాతదే. కొత్తదానికి అక్కడి రైల్వే కంపెనీ జేఆర్ ఈస్ట్ అసలు రైళ్లే ఇచ్చింది, చూడనీకి మస్తుంటది, గని సాయం చేసినోళ్లను సినిమా ఏమంటది, అందరు మంచోళ్లే, డ్యూటీ డ్యూటీ అంటరు. 1975ల సర్కారు రైల్వే సాయం చెయ్య అన్నది, రైలు బొమ్మలు చేసుకొని, సెట్లు ఏసుకొని తీసిన్రు, కొన్నికాడ బొమ్మని తెలుస్తనే ఉంటది. అయినా బాంబు పెట్టిన ఆయన, కెన్ తకాకురా, చిన్న ఫ్యాక్టరీ మునిగిపోయి ఉన్నదంత పోగొట్టుకున్న మనిషి. తప్పు చేసిండని తెలుసు, దొరకొద్దని మనసుల అనుకుంటనే చూస్తం. 152 నిమిషాలు, మధ్యల ఆయన పాత ముచ్చట్లు వస్తయ్, అక్కడ ఫార్వర్డ్ కొట్టేరు, కొట్టకున్రి.