కాలిఫోర్నియాలో అంత ఖాళీ స్థలం ఉంది కదా, ఇళ్లు ఎందుకంత ఖరీదు? హైదరాబాద్‌లా టవర్లు ఎందుకు కట్టరు?

స్థలం లేక కాదండీ, కట్టనివ్వక. బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, చాలా ఊళ్ల జోనింగ్ మ్యాప్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేది) తీస్తే ఇళ్లకిచ్చిన స్థలంలో ఎక్కువ భాగం ఆర్-1 అనే ఉంటుంది. అంటే ఒక ప్లాటులో ఒక కుటుంబానికి ఒక ఇల్లు. దాని మీద ప్లాటు ఇంతకు తగ్గకూడదు, రోడ్డు నుంచి ఇంత వదలాలి, కార్లకు చోటుండాలి అని షరతులు. నేల ఖరీదు మిలియన్ డాలర్లు దాటిన చోట దాన్ని నలుగురు పంచుకునే వీల్లేకపోతే మొత్తం భారం ఒక్క ఇంటి మీదే పడుతుంది.

నేను చాలా ఏళ్లుగా ఇక్కడే, బే ఏరియా దక్షిణాన ఉన్న సౌత్ బేలో అద్దెకుంటున్నాను. మా అపార్ట్‌మెంట్ దగ్గర మూతబడ్డ షాపుల స్థలంలో నాలుగంతస్తులు కడతామని ఒక బిల్డర్ దరఖాస్తు పెడితే, సిటీ హాల్లో జరిగిన హియరింగ్‌కు వెళ్లాను. మైకు దగ్గరికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది సొంతిళ్ల వాళ్లే. ట్రాఫిక్ పెరుగుతుంది, మా పెరట్లో నీడ పడుతుంది, స్కూల్లో సీట్లు చాలవు. పేదవాళ్లు రాకూడదని ఒక్కరూ అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేదు. మన తెలుగువాళ్లూ ఉన్నారు అందులో. "స్కూల్ రేటింగ్ చూసే కదండీ ఇంత పోసి కొన్నది" అన్నాడు ఒకాయన బయటికొచ్చాక. ఆయన టెన్షన్ అర్థమవుతుంది, జీతంలో సగం ఈఎంఐకే పోతుంది. చివరికి ఆ ప్రాజెక్టులో ఒక అంతస్తు తగ్గించి, పార్కింగ్ పెంచి ఒప్పుకున్నారు.

ఈ ఆర్-1 పద్ధతికి మూలాలు కూడా ఇక్కడే ఉన్నాయి. 1916లో బే ఏరియాలోని బర్కిలీ సిటీ మొదలుపెట్టింది. ఫలానా జాతివాళ్లు ఫలానా వీధిలోనే ఉండాలని సిటీలు చట్టం చేయకూడదని 1917లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అదే కోర్టు 1926లో జోనింగ్‌ను సమర్థిస్తూ అపార్ట్‌మెంటును పరాన్నజీవితో పోల్చింది. మనిషిని ఆపకూడదు గానీ, ఆ మనిషి అద్దె కట్టగలిగే ఇంటిని ఆపొచ్చన్నమాట!

మిగతా పని దస్తావేజులు చేశాయి. మా ఫ్రెండ్ ఒకతను పాత ఇల్లు కొంటే ఆ కాగితాల్లో తెల్లవాళ్లు కానివాళ్లు ఇక్కడ ఉండరాదని, పనివాళ్లకు మాత్రం మినహాయింపని టైపు చేసి ఉంది. అంటే మా వాడు ఆ ఇంట్లో వంట చేయొచ్చు గానీ కాపురం ఉండకూడదు. జాతిని బట్టి పెట్టిన షరతు ఏదున్నా చెల్లదని పైన ఒక పేజీ జత చేశారనుకోండి. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో తీర్పొచ్చింది. అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షను నిషేధించిన ఫెడరల్ చట్టం 1968లో వచ్చింది. అప్పటికే తెల్లవాళ్లు ప్రభుత్వ హామీ ఉన్న లోన్లతో సబర్బుల్లో ఇళ్లు కొనేసుకున్నారు. పాలో ఆల్టో, ఈస్ట్ పాలో ఆల్టో పక్కపక్క ఊళ్లు. నల్లవాళ్లకు ఇళ్లు దొరికిన కొద్ది చోట్లలో రెండోది ఒకటి. ఒకసారి అటూ ఇటూ కారేసుకుని తిరిగితే చాలు, తేడా నేను చెప్పక్కర్లేదు.

దీనికి తోడు 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ఆస్తి పన్ను నిబంధన, ప్రొపొజిషన్ 13. ఇల్లు చేతులు మారనంత కాలం పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఒకే వీధిలో, ఒకేలాంటి ఇళ్లకు ఎప్పుడో కొన్న ముసలాయన కట్టే పన్ను కంటే కొత్తగా కొన్నవాళ్లు ఎన్నో రెట్లు కడతారు. మరి ఆయన ఎందుకు అమ్ముతాడు? మా ఆఫీసులో క్లీనింగ్ చేసే ఆవిడ మాత్రం ఎక్కడో దూరాన ఉన్న మాంటెకా అనే ఊరి నుంచి ఆల్టమాంట్ పాస్ అనే కొండదారి దాటుకుని రావాలి. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరకపోతే 580 హైవే మీద ఇరుక్కుపోతానంటుంది.

అలాగని టవర్లు కట్టనిస్తే అన్నీ చవకైపోతాయని నేననను. హైదరాబాద్‌లో 2006లోనే అంతస్తుల పరిమితి ఎత్తేసి, ఎత్తును రోడ్డు వెడల్పుకు, సెట్‌బ్యాక్‌కు (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీకి) ముడిపెట్టారు. కోకాపేట టవర్లు అలా వచ్చినవే. వాటిలో పనిచేసే డ్రైవరు అక్కడ కొనగలడా? 2023లో ప్రారంభించిన పేదల కోసం కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లేమో ఊరవతల కొల్లూరులో ఉన్నాయి, పాతబస్తీలో పని చూసుకునేవాడికి రానూపోనూ ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

కాలిఫోర్నియాలో కొంత మారుతోంది. ఆర్-1 ప్లాటును రెండుగా విడదీసి కట్టుకోవచ్చని 2021లో చట్టం చేశారు గానీ పెద్దగా ఎవరూ వాడుకోలేదు. పెరట్లో చిన్న ఇల్లు కట్టే నిబంధనలు సడలించడమే బాగా పనిచేసింది, వీటిని ఏడీయూ అంటారు. మనవాళ్లు అమ్మానాన్నల కోసమని కట్టి, వాళ్లు తిరిగి ఇండియా వెళ్లాక అద్దెకిస్తున్నారు. మీరు ఇటు వచ్చే ఆలోచనలో ఉంటే ముందు వాటినే వెతకండి. ముందున్న పెద్దింటికి ఏ స్కూలో వెనకున్న చిన్నింటికీ అదే స్కూలు, అద్దె మాత్రం బాగా తక్కువ.