చిప్స్ ప్యాకెట్ల రీసైక్లింగ్‌ను నమ్ముకుని చదవవచ్చా?

ప్రశ్న: మాది రాజాం. అబ్బాయి ఇంటర్ ఎం.పి.సి. పూర్తి చేశాడు. కంపెనీలే ముందుకొచ్చి చిప్స్ ప్యాకెట్లు, కవర్లు రీసైకిల్ చేయిస్తున్నాయని, ఆ రంగంలోకే వెళ్తానని పట్టుబట్టాడు. ఆరు నెలల 'సస్టైనబిలిటీ' (పర్యావరణానికి హాని తగ్గించే పద్ధతులు) ఆన్‌లైన్ కోర్సు చేస్తానంటాడు. అది మంచిదా, కెమికల్ ఇంజినీరింగా? చెత్త పనికి ఇంత చదువెందుకని బంధువులు అంటున్నారు. - ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలోని బెంగంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి, పేరు మాత్రం బంధువులదే ఉంటుంది. ఆ మాట మీరూ అబ్బాయి ముందు అని ఉంటే, దయచేసి ఇక అనకండి. ఊరు వదిలించుకోలేకపోతున్న సమస్య మీద ఒక కుర్రవాడికి ఆసక్తి పుట్టింది. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక ఆ కోర్సు. నాకు దానిపై నమ్మకం లేదు. అందులో నిబంధనలు చెబుతారు, నివేదికలు రాయడం నేర్పుతారు. డిగ్రీ ఉన్నవారికి అది అదనపు బలం, ఇంటర్‌తో ఆగినవారికి ఉద్యోగం తెచ్చిపెట్టదు. కంపెనీల ఉత్సాహం వెనుక చట్టం ఉందని కూడా అబ్బాయికి తెలియాలి. ప్లాస్టిక్ వ్యర్థాలపై కేంద్రం తెచ్చిన 2022 నిబంధనల ప్రకారం మెత్తటి ప్యాకింగ్‌లో కంపెనీలు రీసైకిల్ చేయించాల్సిన కనీస వాటా 2024-25లో 30 శాతం. అది 2027-28 నాటికి 60 శాతానికి పెరగాలి. అయితే సేకరించినంత మాత్రాన పని అయిపోదు. ఆస్ట్రేలియాలో పెద్ద సూపర్ మార్కెట్ల తోడ్పాటుతో నడిచిన రెడ్‌సైకిల్ పథకం 2022 నవంబరులో ఆగిపోయింది. జనం నమ్మకంగా తెచ్చి ఇచ్చిన కవర్లు వేల టన్నులు గోదాముల్లో మిగిలిపోయాయి.

చిక్కంతా పదార్థంలోనే ఉంది. పాల కవరు ఒకే రకం ప్లాస్టిక్, కాబట్టి పాత సామాన్ల దుకాణంలో తీసుకుంటారు. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొరలు, మెరిసే అల్యూమినియం పూత, రంగులు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం, ఖర్చు. అందుకే అలాంటివి చాలావరకు సిమెంటు బట్టీల్లో ఇంధనంగా కాలిపోతున్నాయి. ఒకే పదార్థంతో ప్యాకెట్ తయారుచేసి, లోపలి సరుకు మెత్తబడకుండా చూడగలిగినవారే ఈ రంగానికి కావాలి. ఆ పనికి పాలిమర్లు, అంటే ప్లాస్టిక్‌కు మూలమైన పదార్థాలు, తెలియాలి.

కాబట్టి కెమికల్ ఇంజినీరింగే చదివించండి, లేదా ప్లాస్టిక్ సాంకేతిక విద్య నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ భువనేశ్వర్ కేంద్రంలో ప్లాస్టిక్ సంబంధిత బి.టెక్. కోసం ప్రయత్నించండి. అది మీకు రైలులో వెళ్లిరాగల దూరమే. రెండింటిలో ఏది మేలని నన్ను మరీ నిలదీయకండి. మంచి ప్రయోగశాల ఉన్న కాలేజీలో ఏది దొరికినా నష్టం లేదు. రేపు రీసైక్లింగ్ పథకాలు తడబడినా, కెమికల్ చదివినవాడికి పైడిభీమవరం మందుల పరిశ్రమలున్నాయి, ప్లాస్టిక్ చదివినవాడికి పైపులు, ప్యాకింగ్ కర్మాగారాలున్నాయి. కొడుకు రోడ్డున పడతాడన్న భయం పెట్టుకోకండి.

కాలేజీ ఎంచుకునే ముందు అతణ్ని పాత ప్లాస్టిక్‌ను కరిగించి గుళికలు తయారుచేసే ఒక యూనిట్‌కు పంపండి. ఆ వాసన, ఆ వేడి చూశాక కూడా ఇదే చదువుతానంటే, కౌన్సెలింగ్‌లో ఐచ్ఛికాలు అతణ్నే నింపనివ్వండి.