చేంతాడు ఉందా?

బుజ్జీ,

2025 మే 7న విశాఖలో, యుద్ధం వస్తే ఏం చెయ్యాలో నేర్పే మాక్ డ్రిల్ సైరన్ విని టెన్షన్ పడి ఫోన్ చేశావు. నీ వెనకాల కుక్కర్ కూతల్లో నేను చెప్పింది సగం నీకు వినబడలేదు. అందుకే రాస్తున్నాను.

సైరన్ హెచ్చుతగ్గులుగా కూస్తే ప్రమాదం, ఒకే తీరున సాగితే గండం గడిచిందని. 1971లో నేను విశాఖలో కొత్త కాపురం పెట్టినప్పుడు పాకిస్తాన్‌తో యుద్ధ భయంతో కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటించుకున్నాం. సముద్రం మీంచి వచ్చేవాడికి ఊరి దీపాలే గురి కదా. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడైంది, తలుపులు అదిరాయి. తెల్లారేసరికి మా వీధిలో పది కథలు. హార్బరు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని కొన్నాళ్లకి గాని తెలియలేదు. ఈలోగా ఇరుగుపొరుగు మూటలు కట్టేశారు. మీ తాతయ్యా కట్టబోతే నేనే వద్దన్నాను. మా అమ్మ మాట గుర్తొచ్చింది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం విశాఖ వదిలి పల్లెలకి పరుగెత్తారు. చీపురుపల్లి దగ్గర మా ఊరికి ఒక కుటుంబం వచ్చి మా అరుగు మీద కూలబడిందట. ఇత్తడి బిందెలు, పట్టుచీరలు మోసుకొచ్చారు గాని ఉప్పూ చింతపండూ లేవు, వెళ్లడానికి చుట్టాల ఇల్లూ లేదు. వాళ్లు నాలుగు నెలలు మా ఇంట్లోనే ఉన్నారు. "ఎవరింటికో తేల్చుకోకుండా గుమ్మం దాటకు" అనేది అమ్మ. నీకు మా ఇల్లుంది సరే, బస్సులూ రైళ్లూ ఆగితే ఎలా వస్తావో మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడుకో.

ఆ ఏడే బర్మా జపాన్ చేతికి పోయి రంగూన్ బియ్యం ఆగిపోయింది. కిరోసిన్ కరువై ఆముదం దీపాలు, పూటకి చోడి (రాగి) అంబలి. అలాగని నువ్వు బస్తాలు పోగెయ్యకు. పురుగు పడుతుంది, పైగా రోజు కూలి చేసుకునేవాళ్లకి సరుకుల ధర పెరుగుతుంది. రెండు వారాలకి సరిపడా బియ్యం, పప్పు, అటుకులు, చోడిపిండి చాలు. ఉప్పు మాత్రం మర్చిపోకు.

అన్నిటికన్నా నీళ్ల సంగతి చూసుకో. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక మా ఊళ్లో మోటార్లన్నీ మూగబోయాయి. అటక మీంచి చేంతాడు దించి, ఎవరూ తొంగి చూడని పాతబావిలో చేద వేశాం. వీధంతా బిందెలతో మా పెరట్లోనే. నీది నాలుగో అంతస్తు. మనిషికి తాగడానికీ వంటకీ రోజుకి నాలుగు లీటర్ల లెక్కన ఐదు రోజులకి ఉంచుకో. చిన్న నోట్లు కూడా. అప్పట్లో ఏటీఎంలు పనిచెయ్యక, వంద నోటుకి చిల్లర లేక కొట్టువాడితో తగువులాడాం. మీ ఆయన బీపీ మాత్రలు నెలకి సరిపడా ఎప్పుడూ ఉండాలి.

చేంతాడు ఇంకా అటక మీదే ఉంది. గిలకే తుప్పు పట్టి కీచుమంటోంది, ఈసారి వచ్చేటప్పుడు అబ్బాయిని ఒక మిషన్ నూనె డబ్బా తెమ్మను.

అమ్మమ్మ