చీలమండ బయట విరిగినా లోపలి వైపు చూడాలి

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

ఫిబ్యులా (కాలి బయటి వైపు సన్న ఎముక) విరిగింది, ఎక్స్‌రేలో టాలస్ (చీలమండ కీలులో కింద ఉండే ఎముక) మాత్రం తన చోటే ఉంది. ఆపరేషన్ చెయ్యాలా, బూట్ వేసి నడిపించాలా? వెబర్ బి ఫ్రాక్చర్ (చీలమండ కీలు ఎత్తులో ఫిబ్యులా విరగడం) వచ్చిన ప్రతిసారీ నీకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. జవాబు విరిగిన చోట దొరకదు తల్లీ, లోపలి వైపు ఎముకలను కట్టి ఉంచే డెల్టాయిడ్ లిగమెంట్‌లో దొరుకుతుంది. అందులోనూ లోతు పొర వెనక భాగం ముఖ్యం. మీడియల్ మాలియోలస్ (చీలమండ లోపలి వైపు ఉబ్బెత్తుగా తగిలే ఎముక) నుంచి టాలస్‌కి దిగే ఆ పొట్టి, మందపాటి కట్టు నిలిచి ఉంటే టాలస్ సాధారణంగా పక్కకు జరగదు. లోపలి వైపు వాపో, నొక్కితే నొప్పో, కమిలిన మచ్చో చూసి అది తెగిందని తేల్చెయ్యకు. పైపొర ఒక్కటే చిరిగినా అవన్నీ కనిపిస్తాయి. అందుకే లోతు పొరను అల్ట్రాసౌండ్‌తో చూడాలి, ఎలాగో చెబుతాను.

కీలు జారి ఉన్నా, గాయంలోంచి ఎముక బయటపడ్డా, పాదం చల్లబడి నాడి అందకపోయినా ప్రోబ్ (చర్మం మీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) ముట్టుకోకు. వాటి సంగతి ముందు చూడాలి. మామూలు ఎక్స్‌రేలోనే లోపలి సందు (మీడియల్ మాలియోలస్‌కీ టాలస్‌కీ మధ్య ఖాళీ) స్పష్టంగా తెరుచుకుని ఉంటే అల్ట్రాసౌండ్‌తో కొత్తగా తేలేదేమీ లేదు.

12 నుంచి 15 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్ తీసుకో. లోతు 2, 3 సెంటీమీటర్లు పెడితే సరిపోతుంది. జెల్ ధారాళంగా వెయ్యి, చర్మం గీసుకుపోయిన చోట స్టెరైల్ జెల్ వాడు. ప్రోబ్‌ని జెల్ మీద తేలనివ్వు. గట్టిగా నొక్కితే నొప్పి పుట్టడమే కాదు, చిరిగిన చోట చేరిన రక్తం పక్కకు పోయి సందు మూసుకున్నట్టు కనిపిస్తుంది.

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు కొంచెం మడిచి, తొడను బయటికి తిప్పు. ప్రోబ్ పైకొన మాలియోలస్ మీద, కింది కొన మడమ వైపు ఉండాలి. ముందుగా టిబియాలిస్ పోస్టీరియర్ స్నాయువును (మాలియోలస్ వెనక నుంచి పాదంలోకి దిగే కండరపు తాడు) పట్టుకో. దాని అడుగున, ఎముకకూ టాలస్‌కూ మధ్య చారలు చారలుగా కనిపించేదే లోతు పొర. పోగుల మధ్య కొవ్వు ఉండటం వల్ల వచ్చే ఆ చారలు సహజమే, చిరుగు అనుకోకు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నొప్పితో ఉన్న పాదం కిందికి వాలి ఉంటుంది. అప్పుడు వెనక పోగులు వదులై వంకర తిరుగుతాయి. శబ్ద తరంగం వాటికి నిలువుగా తగలకపోతే, బాగున్న లిగమెంట్ కూడా నల్లగా కనిపిస్తుంది. నల్లగా ఉందని తెగిందని రాసేస్తే అక్కర్లేని ఆపరేషన్‌కి దారి తీసినట్టే. అందుకే పాదాన్ని మెల్లగా పైకి, కాలికి 90 డిగ్రీలు వచ్చేదాకా ఎత్తించు. ప్రోబ్‌ని కొనల మీద అటూ ఇటూ ఊగించు. కోణం మార్చగానే నలుపు పోతే అది చిరుగు కాదు. ఏ కోణంలో చూసినా పోగులు తెగి, మధ్యలో రక్తం గూడు కట్టి, కొనలు వదులుగా ముడుచుకుని కనిపిస్తే అప్పుడు నమ్ము. ఎక్స్‌రేకీ ఇదే జాగ్రత్త కావాలి. టాలస్ వెనక భాగం సన్నం కాబట్టి, పాదం వాలి ఉండగా తీస్తే లోపలి సందు లేనిపోని వెడల్పు చూపిస్తుంది.

మాలియోలస్ కొన దగ్గర చిన్న ఎముక ముక్క కనిపిస్తే దాని అంచులు చూడు. గుండ్రంగా, నున్నగా ఉంటే పుట్టుకతో వచ్చిన అదనపు ఎముకో, పాత దెబ్బో కావచ్చు. గరుకుగా ఉండి చుట్టూ రక్తం ఉంటే కొత్తది.

తరువాత కదిలించి చూడాలి. ఒకరు ప్రోబ్ పట్టుకోవాలి, ఇంకొకరు పిక్కను కదలకుండా ఆపి పాదాన్ని నిదానంగా బయటికి తిప్పాలి. అంతకుముందే నొప్పి మందు పని చెయ్యడం మొదలై ఉండాలి, లేకపోతే కండరాలు బిగుసుకుని అస్థిరత్వాన్ని దాచేస్తాయి. మాలియోలస్‌కీ టాలస్‌కీ మధ్య దూరాన్ని తిప్పకముందు, తిప్పాక ఎముకల మీద అవే రెండు గుర్తుల మధ్య కొలువు. బాగున్న కాలిని కూడా అలాగే కొలువు. ప్రోబ్ కాస్త ఒరిగితేనే కొలత మారిపోతుంది కనుక మూడుసార్లు తీసుకో. ఎక్స్‌రేలో లోపలి సందు వెడల్పుకి వాడే 4 మిల్లీమీటర్ల హద్దును స్క్రీన్ మీది కొలతకు తగిలించకు. రెండూ ఒకే చోట కొలిచేవి కావు.

ముందు వైపు, కీలుకి కాస్త పైన టిబియా (కాలి పెద్ద ఎముక), ఫిబ్యులాలను కలిపే లిగమెంట్‌ని ఏటవాలుగా చూడు. పిక్క పైభాగంలో నొప్పి ఉంటే ప్రోబ్‌ని ఫిబ్యులా మెడ దాకా జరుపు, అక్కడ ఎముక విరిగినా చీలమండ ఎక్స్‌రేకి అందదు. కీలు లోపలి టాలస్ దెబ్బనూ, పోస్టీరియర్ మాలియోలస్ (టిబియా కింది కొన వెనక అంచు) ముక్క పరిమాణాన్నీ అల్ట్రాసౌండ్ సరిగ్గా చూపించలేదు. అనుమానముంటే సీటీ తీయించు.

రిపోర్టులో 'డెల్టాయిడ్ చిరిగింది' అని ఒక్క ముక్కతో వదిలెయ్యకు. ఏ పొర, ముందు భాగమా వెనక భాగమా, కొంతా పూర్తిగానా, తిప్పితే సందు ఎంత పెరిగింది, రెండో కాలిలో ఎంత: ఇవన్నీ రాయి. వెనక లోతు పోగులు కొన్ని మిగిలి, తిప్పినా టాలస్ కదలకపోతే చిరుగు కనిపించిందని కత్తి పట్టొద్దు. బూట్ వేసి, వారం పది రోజులకు కాలి మీద బరువు పెట్టించి ఎక్స్‌రే తియ్యి. అందులో టాలస్ జరిగితే నీ స్కాన్ ఏం చెప్పినా ఎక్స్‌రే మాటే విను.